నూట పదిహేను మిల్లీమీటర్లు

మొయినాబాద్‌లో ఎవరినైనా ఆపి నూట పదకొండు అంటే ఏంటని అడగండి. చాయ్ పోసే అబ్బాయి కూడా చెప్తాడు. 1996 మార్చిలో వచ్చిన జీవో అది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడిపోకుండా 84 గ్రామాల్లో కట్టడాలకు గీసిన గీత. దాన్ని ఉంచాలా, తీసేయాలా అని ముప్ఫై ఏళ్లుగా కొట్లాడుకుంటున్నాం. కోర్టుకెక్కాం, కమిటీలు వేయించుకున్నాం, ఓట్లు అడిగాం, ఓట్లు వేశాం. ఏ సర్వే నంబరు గీతకు ఇటుందో అటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం.

ఇప్పుడు నూట పదిహేను అంటే ఏంటని అడగండి.

అంగన్‌వాడీ టీచరమ్మ చెప్తుంది. ఆశమ్మ చెప్తుంది. మిగతావాళ్లు మన ముఖం చూస్తారు. అది మిల్లీమీటర్ల లెక్క. ఆరు నెలలు నిండి, ఐదేళ్లు దాటని బిడ్డ ఎడమ దండచేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ, రంగుల టేపు చుడతారు. పచ్చ వస్తే ఫర్వాలేదు. పసుపు వస్తే కనిపెట్టుకుని ఉండాలి. 115 కంటే తగ్గితే ఎరుపు. ఎముక, కండ, కొవ్వు, చర్మం అన్నీ కలిపి చుట్టూ పదకొండున్నర సెంటీమీటర్లు కూడా లేవన్న మాట. చేవెళ్ల చేలల్లో పెరికి, కడిగి, బస్తాకెత్తే లావుపాటి క్యారెట్టు పైభాగం అంత. ఇంతగా చిక్కిపోయిన బిడ్డ చనిపోయే ప్రమాదం ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కంటే తొమ్మిది నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ.

ఆ ఎర్ర గీత కోసం మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఒక్క ధర్నా నేను చూడలేదు. రోడ్డు వెడల్పు చేస్తే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్లు పోతాయని జనం కదిలారు, న్యాయస్థానం దాకా వెళ్లారు. మంచి పని చేశారు, నేనూ వాళ్లతోనే ఉన్నాను. మరి ఆ మర్రి నీడలోనే బస్సు దిగి, చంకలో బిడ్డను సర్దుకుంటూ నడిచే తల్లి వైపు ఎందుకు చూడలేదు? ఆ బిడ్డ చేయి కొంగులోంచి బయటికి వేలాడుతూనే ఉంటుంది కదా!

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 21.7 శాతం. అందులో తీవ్రంగా చిక్కిపోయినవాళ్లు 8.5 శాతం. పన్నెండు మంది పిల్లల్లో ఒకరు. అంతకుముందు 2015–16 సర్వేలో ఆ లెక్క ఐదు శాతం లోపే. తలసరి ఆదాయంలో దేశానికే ముందున్నామని హోర్డింగులు కట్టుకున్న ఏళ్లలో పిల్లల కండ కరిగింది. అంకెలు తప్పని, కొలిచిన పద్ధతి తప్పని వాదించేవాళ్లున్నారు. వాళ్ల సంగతికి తర్వాత వస్తాను.

తిండి లేదని మాత్రమే కాదు నా కోపం. తిండి ఉంది. అంగన్‌వాడీలో గుడ్డుంది, బాలామృతం ప్యాకెట్టుంది, గర్భిణులకూ బాలింతలకూ 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి భోజనం ఉంది. అవి కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. కానీ ఎర్ర గీత దాటి, కాళ్లకు నీరు దిగి, పెదవి తడిపినా మింగని బిడ్డకు గుడ్డు చేతిలో పెట్టి ఫొటో దిగడం వైద్యం కాదు. ఆ బిడ్డకు తిండే మందు. మందుకు కొలత ఉంటుంది, వేళ ఉంటుంది, రాత్రి ఉంటుంది. మనం ఇస్తున్నది దానం. దానానికి ఆ మూడూ ఉండవు.

నాలుగేళ్ల కింద మొయినాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్ కావలిగదిలో చూశాను ఆ పిల్లాణ్ని. పద్నాలుగు నెలలు. తండ్రి కావలి, తల్లి చుట్టుపక్కల పూలతోటల్లో కూలి. ఈ జిల్లావాళ్లు కాదు. పేరు సొంతూరి అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంది, బతుకు ఇక్కడుంది. పిల్లాడి చేతులు పుల్లలు. ముఖం, పాదాలు మాత్రం నిండుగా కనిపించాయి. "కాళ్లు జర ఒళ్లు పట్టినయక్కా" అని తల్లి సంబరంగా చూపించింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. అది ఒళ్లు కాదు, నీరు. తిండి లేక రెండు పాదాలకూ అలా నీరు దిగిన బిడ్డకు టేపు ఏ రంగు చూపించినా ఒకటే, ఆస్పత్రికి పోవాల్సిందే.

నగరంలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. పేరు రాయను. డాక్టరుకు పని తెలుసు. సెలైన్ ఎక్కించలేదు. ఐరన్ టానిక్ రాయలేదు. వాపు దిగడానికి నీరు లాగే మందు ఇవ్వలేదు. ఈ స్థితిలో ఉన్న పిల్లలకు ఆ మూడూ చేయకుండా ఉండడమే సగం వైద్యం. మంచానికి ఒక కాగితం తగిలించారు. దాని మీద పన్నెండు గడులు, రెండు గంటలకు ఒకటి చొప్పున. ప్రతి గడిలోనూ ఇన్ని మిల్లీలీటర్లని కొలత.

మొదటి రాత్రి నేను అక్కడే ఉన్నాను. పది గంటల పాలు అందాయి. పన్నెండుకు ఎవరూ రాలేదు. రెండుకూ రాలేదు. వార్డంతటికీ ఆ రాత్రి సిస్టర్ ఒక్కతే. అవతలి గదిలో ఇంకో పిల్లకు ఫిట్స్ వస్తుంటే అక్కడే ఉండిపోయింది. పాలు కలిపే గదికి తాళం. నాలుగింటికి నేను వెళ్లి బతిమాలితే గ్లూకోజు కలిపిన నీళ్లు దొరికాయి. పొద్దున ఆరింటికి చూస్తే కాగితం మీద గడులన్నీ నిండి ఉన్నాయి. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే తొందర. ఆ సిస్టర్‌ను నేను ఒక్క మాట అనను. నలుగురు చేయాల్సిన రాత్రిని ఒక్క మనిషి నెత్తిన పెట్టి, పొద్దునకల్లా కాగితం నిండి ఉండాలని అడిగినవాళ్లనే అంటాను.

అయినా పిల్లాడు మొండివాడు. మూడో రోజు నవ్వాడు. ఈ జబ్బులో నవ్వు పెద్ద గుర్తు. తీవ్రంగా చిక్కిన పిల్లలు ఏడవనైనా ఏడవరు, ఊరికే చూస్తుంటారు. నాలుగో రోజు తూకం వేస్తే మూడు వందల గ్రాములు తగ్గాడు. తల్లి గుండె జారిపోయింది. ఆస్పత్రికొచ్చి బిడ్డ ఇంకా తరిగిపోతున్నాడనుకుంది. నిజానికది శుభవార్త. ఒంట్లో చేరిన నీరు దిగిపోతోంది, మొదట తూకం తగ్గి తర్వాత పెరగడమే సరైన దారి. ఆ రెండు ముక్కలు ఆమెకు చెప్పిన మనిషి లేడు. నేనూ ఆ వేళకు లేను, అది నా తప్పు. అదే పూట తండ్రి ఫోను: యజమాని వేరే మనిషిని పెట్టుకుంటానంటున్నాడని. ఐదేళ్ల పెద్దపిల్ల కావలిగదిలో ఒక్కతే. "దానికి బువ్వ ఎవరు పెడ్తరక్కా?" అని తల్లి నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఐదో రోజు పొద్దున వెళ్లిపోయారు.

కేసు షీటు మీద "లామా" అని రాశారు. ఆస్పత్రుల్లో రోజూ వాడే మాట. వైద్యుల సలహాను కాదని వెళ్లిపోయారని అర్థం. ఆ మాట చూసినప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. ఎవరు ఎవర్ని కాదన్నారు? రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటలకు పాలివ్వమన్న వైద్య సలహాను మొదట కాదన్నది ఆ వార్డుకు మనుషుల్ని ఇవ్వని ప్రభుత్వం. పద్నాలుగు రోజులు ఉండమన్న సలహాను కాదన్నది, నాలుగు రోజులు ఆగలేని యజమాని. ఇంటి దగ్గర ఐదేళ్ల పిల్ల గతేమిటో అడగకుండా తల్లికి మంచం చూపించిన పద్ధతి కాదన్నది. ఇంతమంది కాదన్నాక సంతకం మాత్రం తల్లి చేత పెట్టించారు. రెండు నెలల తర్వాత ఆ కావలిగదికి పోతే వేరే కుటుంబం ఉంది. పిల్లాడు ఏమయ్యాడో నాకు తెలియదు.

ఆ రాత్రి గడులు ఎందుకంత ప్రాణప్రదమో చెప్పకుండా ముందుకు పోలేను. తిండి అందని ఒళ్లు బతకడం కోసం అన్నిటినీ తగ్గించుకుంటుంది. గుండె మెల్లగా కొడుతుంది. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పూర్తిగా బయటికి తోయలేవు. కాలేయంలో చక్కెర నిల్వ ఉండదు. కణాల్లో ఉండాల్సిన పొటాషియం జారిపోయి, బయట ఉండాల్సిన సోడియం లోపల చేరుతుంది. క్రిములు ఒంటినిండా ఉన్నా జ్వరం రాదు, జ్వరం తెచ్చుకునే ఓపిక కూడా ఆ ఒంట్లో మిగలదు. అందుకే జ్వరం లేకున్నా యాంటీబయాటిక్ మొదటి రోజే మొదలుపెడతారు. ఇలాంటి బిడ్డకు రాత్రి నాలుగైదు గంటలు పాలు తప్పితే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 54 మిల్లీగ్రాముల కిందికి పోవచ్చు. చక్కెర పడిపోతే వేడి నిలవదు. తెల్లవారుజామున తల్లి తడిమి చూసేసరికి ఒళ్లు చల్లగా తగులుతుంది. ఊళ్లో అడిగితే "రాత్రి బాగానే పడుకున్నడు, పొద్దుగాల లేవలే" అంటారు. ఆ మాట ఎన్ని ఇళ్లలో వినబడిందో!

జాలిపడి ఎక్కువ పెట్టినా ప్రమాదమే. 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని బెల్సెన్ శిబిరం తలుపులు తెరిచినప్పుడు బ్రిటిష్ సైనికులు తమ రేషన్ డబ్బాలు ఆకలిమనుషుల చేతుల్లో పెట్టారు. ఎండిపోయిన పేగులు ఆ మాంసాన్నీ కొవ్వునూ తట్టుకోలేకపోయాయి. విముక్తి తర్వాత కూడా అక్కడ వేలమంది చనిపోయారు. జబ్బులతో పోయినవాళ్లున్నారు, తిండితో పోయినవాళ్లూ ఉన్నారు. బెంగాల్ కరువు నాటి అనుభవంతో తయారుచేసిన మిశ్రమాన్ని అక్కడికి పట్టుకుపోతే మరీ తియ్యగా ఉందని చాలామంది ముట్టలేదు. ఆకలితో చచ్చిపోతున్న మనిషికి తిండి ఎలా పెట్టాలన్నది ఒక విద్య. ఎన్నో ప్రాణాలు పోయాక నేర్చుకున్న విద్య.

ఆ విద్య ఇప్పుడు ఒక కాగితం మీద పట్టేంత చిన్నదైంది. మొదటి పాలను ఎఫ్-75 అంటారు. వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలు, ఒక గ్రాము కూడా నిండని మాంసకృత్తులు. లీటరు తయారు చేయాలంటే 300 మిల్లీలీటర్ల ఆవుపాలు, 100 గ్రాముల చక్కెర, 20 మిల్లీలీటర్ల నూనె, పొటాషియం, మెగ్నీషియం, జింక్ ఉన్న ఖనిజ మిశ్రమం, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. బిడ్డ బరువు కిలోకు రోజుకు 130 మిల్లీలీటర్లు. వాపు మరీ ఎక్కువుంటే 100. ఐదు కిలోల బిడ్డకు రోజు మొత్తం మీద 650 మిల్లీలీటర్లు, రెండు గంటలకోసారి 55. లెక్క వేయండి: ఆ బిడ్డ ప్రాణం నిలబెట్టే పాలలో అసలు పాలు 200 మిల్లీలీటర్లు కూడా లేవు. చక్కెర 65 గ్రాములు. నూనె మూడు చెంచాలు. ఇంటికి చుట్టాలొస్తే ఒక పూట చాయ్‌కి ఇంతకన్నా ఎక్కువ పాలు పొయ్యి మీద పెడతాం.

డబ్బు లేదని నాకు ఎవరూ చెప్పొద్దు. ఈ వైద్యంలో ఖరీదైనది పాలు కాదు. రాత్రి రెండింటికి మేలుకుని, గిన్నె కడిగి, కొలిచి, కప్పుతోనో చెంచాతోనో, మింగలేకపోతే ముక్కుగొట్టంతోనో, తొందరపడకుండా పట్టే మనిషి ఖరీదైనది. ఆ మనిషికి జీతం ఇవ్వడం ఇష్టం లేదని నిజం చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.

నాలుగైదు రోజులకో వారానికో ఆకలి తిరిగొస్తుంది, వాపు దిగుతుంది. అప్పుడు పాలు చిక్కబడతాయి: ఎఫ్-100, వంద మిల్లీలీటర్లకు 100 కేలరీలు, దాదాపు మూడు గ్రాముల మాంసకృత్తులు. మొదటి రెండు రోజులు పాత కొలతే. తర్వాత పూట పూటకూ పది మిల్లీలీటర్లు పెంచుకుంటూ పోతారు, బిడ్డ గిన్నెలో కొంచెం మిగిల్చేదాకా. ఆ దశలో పిల్లలు తినడం చూసినవాళ్లు ఆ దృశ్యం మరిచిపోరు. గిన్నె రెండు చేతులతో పట్టుకుని వదలరు. కిలో బరువుకు రోజుకు పది గ్రాములు పెరుగుతారు. అప్పుడుగానీ ఐరన్ ఇవ్వరు. ముందే ఇస్తే కట్టడిలో లేని ఇనుము క్రిములకు మేత అవుతుంది. ఆటలు కూడా ఈ వైద్యంలో భాగం. గిలక్కాయ, రంగు బంతి, తల్లి ఒడిలో ఊపులు అన్నీ నిబంధనల్లో రాసి ఉన్నాయి.

ఈ జ్ఞానమంతా ఎక్కడో దూరదేశం నుంచే దిగుమతి కాలేదు. చేవెళ్ల నుంచి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధన పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది. 1960ల్లో, 1970ల మొదట్లో డాక్టర్ సి. గోపాలన్ దానికి డైరెక్టర్. 1930ల్లో గోల్డ్‌కోస్టులో సిసిలీ విలియమ్స్ ఒక జబ్బుకు అక్కడి గా భాషలోని మాటే తీసుకుని క్వాషియోర్కర్ అని పేరు పెట్టింది. చెల్లెలో తమ్ముడో పుట్టి తల్లి పాలు పోయిన బిడ్డకు వచ్చే జబ్బని ఆ మాటకు అర్థం. ఒకే తిండి తినే ఇళ్లలో ఒక బిడ్డ ఎందుకు ఎండిపోతుంది, ఇంకో బిడ్డ ఎందుకు ఉబ్బిపోతుంది అన్న ప్రశ్నను గోపాలన్, శ్రీకంఠియా వంటివాళ్లు హైదరాబాద్ పిల్లల దగ్గరే పట్టుకున్నారు. తిండిలో తేడా కాదు, కరువుకు సర్దుకోవడంలో ఒళ్లు ఎక్కడ ఓడిపోయిందన్నదే తేడా అని 1968లో గోపాలన్ వాదించాడు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ప్రపంచమంతా పిల్లలకు ప్రొటీన్ లేదని, ప్రొటీన్ పొడులు కావాలని గోల పెట్టింది. హైదరాబాద్ పరిశోధకులు చుట్టుపక్కల పల్లెల పిల్లలకు రోజూ 310 కేలరీలు, కేవలం మూడు గ్రాముల ప్రొటీన్ ఉన్న తీపి రొట్టె పద్నాలుగు నెలలు పెట్టి చూశారు. గోధుమపిండి, చక్కెర, నూనె. పిల్లలు పెరిగారు. కరువు ప్రొటీన్ డబ్బాలకు కాదు, పూట గింజలకని తేల్చి 1973లో అచ్చువేశారు. ఆ పిల్లలు మన పల్లెల పిల్లలు. ఆ చేతులు మన చేతులు. ఇదే సంస్థ నుంచి వచ్చిన 'హైదరాబాద్ మిక్స్' గురించి పిల్లల డాక్టర్లందరూ చదువుకుంటారు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మన వంటింట్లో లేనిది ఇందులో ఒక్కటీ లేదు. జబ్బును అర్థం చేసుకున్న ఊరూ ఈ మిక్స్ తయారుచేసిన ఊరూ ఇదే అయినప్పుడు, ఆ ఊరి పొలిమేరలో ఆ జబ్బుతో ఒక్క బిడ్డ పోయినా దానికి అజ్ఞానం సాకు కాదు.

అవగాహన లేదన్న మాట వింటే నాకు రక్తం మరుగుతుంది. ప్రతి సమీక్షలో, ప్రతి వేదిక మీద ఇదే పాట: తల్లులకు అవగాహన లేదు. తెల్లవారుజామున లేచి బంతిపూలు తెంపి, ఎండ ఎక్కకముందే కుప్ప పోసి, మధ్యాహ్నం టమాట కోసి, సాయంత్రం కట్టెలు తెచ్చే మనిషికి ఏ అవగాహన తక్కువ? బిడ్డకు గుడ్డు మంచిదని ఆమెకు తెలియదా? పాలు మంచివని తెలియదా? తెలుసు. ఆమె దగ్గర లేనిది పద్నాలుగు రోజులు. ఆ పద్నాలుగు రోజుల కూలి, పెద్దపిల్లను చూసుకునే ఒక మనిషి, తిరిగొచ్చేసరికి అదే పని ఉంటుందన్న హామీ. వీటికి పోస్టర్లు అంటిస్తే సరిపోదు. అవగాహన లేనిది సమీక్ష బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు.

వాళ్ల రూపమే అంత, బక్కగా ఉన్నా గట్టిగానే ఉంటారు అనేవాళ్లు ఇంకొందరు. ఈ మాటకు చదువుకున్న రూపం కూడా ఉంది. 1980ల్లో డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉంటారని సిద్ధాంతం చేస్తే, గోపాలన్ దాని మీద విరుచుకుపడ్డాడు. పేదవాళ్ల పిల్లలకు ఒక కొలత, ఉన్నవాళ్ల పిల్లలకు ఒక కొలత పెట్టడమే అది. 2013లో అరవింద్ పనగడియా మళ్లీ ఆ వాదాన్నే లేపాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలు మన పిల్లలకు సరిపోవని. 2006లో వచ్చిన ఆ కొలతల కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు. అందులో దక్షిణ ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. కడుపునిండా తిని, జబ్బు పడకుండా పెరిగితే ఢిల్లీ బిడ్డ నార్వే బిడ్డంత పెరుగుతుందని ఆ కొలతే చెప్పింది. చేవెళ్ల బిడ్డ ఒంట్లో వేరే రక్తమేమీ పారడం లేదు. టేపు తప్పనేవాళ్లు తమ మనవడి చేతికి చుట్టి చూసుకోవాలి. ఎరుపు వస్తే ఆ రాత్రి వాళ్లకు నిద్ర పడుతుందా?

ప్యాకెట్ల గొడవ ఒకటుంది. పల్లీల ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి పొట్లం కట్టిన వైద్యాహారం ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు కాపాడింది. మన దేశంలోకి 2009లో యూనిసెఫ్ దాన్ని తెస్తే ప్రభుత్వం ఆపించింది. 2017లో కేంద్రం దానికి తగిన ఆధారాలు లేవంది. పొట్లం కంపెనీల దోపిడీ అని ఒక పక్షం, పొట్లం వద్దనడం పిల్లల్ని చంపడమని ఒక పక్షం. జబ్బు ముదరని, ఆకలి ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే వైద్యం చేయాలన్నది నిజం. ఎర్ర గీత దాటినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. అక్కడ మిక్స్ అయినా పొట్లమైనా, సమయానికి అంది, ఆ బిడ్డ నోట్లోకే పోతే నాకు సమ్మతమే. కానీ ఈ కొట్లాటలో నూటికి పది పదిహేను మంది గురించి మాటే లేకుండా పోయింది. ఆకలి పరీక్షలో ముద్ద మింగనివాళ్లు, నీరు దిగినవాళ్లు, విరేచనాలతోనో నిమ్ముతోనో ఉన్నవాళ్లు. వాళ్లకు పొట్లం కాదు, మంచం కావాలి.

ఆ మంచం ఎక్కడుంది? 2011లో కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధనలు ఇచ్చింది. పౌష్టికాహార పునరావాస కేంద్రాలను, వార్డుల్లో అందరూ ఎన్నార్సీ అనేవాటిని, జిల్లా ఆస్పత్రుల్లో, బోధనాస్పత్రుల్లో పెట్టమంది. పది, ఇరవై మంచాలు, వాటికో వంటగది, బిడ్డ పక్కనే తల్లికి చోటు, ఆమె కోల్పోయే కూలికి పరిహారం. కాగితం మీద తప్పు పట్టేందుకు ఏమీ లేదు. కానీ నిలోఫర్ లాంటి పెద్దాస్పత్రికి పొమ్మంటే చేవెళ్ల పల్లెల్లోని తల్లి మెహదీపట్నం బస్సెక్కి, దిగి, ఇంకో బస్సు పట్టుకుని, ముఖం తెలియని వరండాలో పద్నాలుగు రోజులు కూర్చోవాలి. ఇంట్లో ఇంకో బిడ్డ ఉన్నదన్న సంగతి ఆ ఫారంలో ఏ గడిలోనూ అడగరు. 2013 ఆహార భద్రతా చట్టం ఆరో సెక్షన్ పోషకలోపం ఉన్న పిల్లల్ని గుర్తించి, ఉచితంగా తిండి పెట్టే బాధ్యత రాష్ట్రం మీద పెట్టింది. రోజుకు 800 కేలరీలని షెడ్యూల్‌లో రాసింది. రాత్రి రెండు గంటల గడిని మాత్రం ఏ చట్టం లెక్కబెట్టలేదు.

రాజకీయాలకు చేవెళ్ల శుభశకునం. 2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర ఇక్కడి నుంచే బయల్దేరి ఇచ్ఛాపురం దాకా పోయింది. 2023 ఆగస్టులో దళిత, గిరిజన డిక్లరేషన్ ఇక్కడి వేదిక మీదే చదివారు. ఎన్ని జెండాలు ఈ చౌరస్తాలో ఎగిరాయో! ఏ జెండా వాళ్లనైనా నేను ఒక్కటే అడుగుతాను: మీ డిక్లరేషన్‌లో ఎవరి పిల్లల కోసం కన్నీళ్లు పెట్టారో, ఎర్ర టేపు చుట్టుకున్నది ఆ పిల్లలే. తండాలవాళ్లు, మాలమాదిగ వాడలవాళ్లు, ఇటుకబట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చి పడ్డవాళ్లు, ఫామ్‌హౌస్ కావలిగదుల్లో ఏ ఊరి లెక్కలోనూ లేనివాళ్లు. వేదిక దిగాక వాళ్ల చేతులు కొలిచారా?

నాకు కావలసింది చెప్తాను. చేవెళ్ల స్థాయి ఆస్పత్రి ప్రతిదానిలో ఈ పిల్లల కోసమే ఆరు మంచాలు, వెచ్చటి గది, పక్కనే పొయ్యి, తూకం, కొలత గిన్నెలు. మొయినాబాద్, చేవెళ్ల చుట్టూ మెడికల్ కాలేజీలు వెలిశాయి. వాటి పిల్లల విభాగాలు ఈ మంచాల బాధ్యత పంచుకోవాలి. రాత్రి పాలకోసం వేరే మనుషులు, అదే పని మీద, వేరే పనికి లాగకుండా. తల్లికి ఉపాధి హామీ కూలికి తగ్గకుండా రోజు కూలి, ఏ రోజుది ఆ రోజే చేతిలో, వెళ్లిపోయేటప్పుడు కాదు. పెద్దపిల్లలను వెంట తెచ్చుకునే హక్కు, వాళ్లకూ అక్కడే బువ్వ. సొంతూరి కార్డు, ఆధార్ చిరునామా అడగకుండా చేర్చుకోవడం. ఇంటికి పంపాక పదిహేను రోజులకోసారి పిలవడం కాదు, ఆశమ్మను బండెక్కించి వాళ్ల గుమ్మానికి పంపడం. ఆమెకూ ఆ తిరుగుడుకు తగ్గ డబ్బు ఇవ్వడం. "లామా" అని రాసే ముందు ఎందుకు పోతున్నారో కారణం రాయడం, ఆ కారణాల కాగితం నెలనెలా కలెక్టరు ముందు పెట్టడం.

రాత్రిపూట మనుషుల్ని నిలబెట్టడం కష్టమని అధికారులు అంటారు. చేవెళ్లలో అర్ధరాత్రి దాటాక రోడ్డు మీదికి వచ్చి చూడండి. ఒంటిగంటకు తోటల్లో బల్బులు వెలుగుతాయి. గులాబీలు కట్టలు కట్టి తడిగోనె కప్పుతారు, వాడిపోకుండా. రెండింటికి ఆటోలు, డీసీఎంలు బయల్దేరతాయి గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు. మూడింటికి కూరగాయల బండ్లు. నాలుగింటికి పాల క్యాన్లు. ఒక్క రోజు తప్పదు, పండగ లేదు, వాన లేదు. రాత్రంతా మేలుకుని, కొలిచి, తూచి, వేళకు చేర్చే మనుషులు ఈ నేల మీద వేలమంది ఉన్నారు. ఆ పిల్లాడి తల్లి వాళ్లలో ఒకతె.

ఆమె కట్టిన కట్టలు బయల్దేరే గంటకే వార్డులో బిడ్డకు రెండు గంటల పాలు పట్టాలి. ఈ రాత్రి ఏ ఆస్పత్రిలో, ఏ మంచం దగ్గర, ఆ గడి ఖాళీగా ఉందో వెళ్లి చూడండి. పొద్దున ఆరింటికి కాదు. రెండింటికే వెళ్లండి.